గ్లాస్గో నుంచి సైకిల్‌పై: కార్ల రొద లేని అడవి కొండదారులు ఏవి?

క్లైడ్ ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా గ్లాస్గోకు వచ్చి రెండేళ్ళయింది. విశాఖలో ఉన్న రోజుల్లో ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా సైకిల్ తొక్కి వచ్చేదాన్ని. ఇక్కడికి వచ్చాక క్లైడ్ నది ఒడ్డున ఉన్న సైకిల్ బాట దాటి ఎటూ పోలేదు. ఈ వేసవిలోనైనా అడవులూ కొండలూ ఉన్న ప్రాంతంలో ఒకటి రెండు రోజులు తిరగాలని అనుకుంటున్నాను.

నా దగ్గర ఉన్నది 32 మి.మీ. టైర్ల హైబ్రిడ్ సైకిల్ కనుక కంకర దారులు వద్దు, తారురోడ్డే కావాలి. రోజుకు 60 కిలోమీటర్ల వరకు తొక్కగలను గానీ ఎత్తు ఎక్కే అలవాటు తక్కువ. కారు లేదు, రైలులోనే వెళ్ళి రావాలి. మావారికి సైకిల్ మీద ఆసక్తి లేదు కాబట్టి ఒంటరి ప్రయాణమే. పటం తెరిస్తే అడవుల మధ్య సన్నని గీతలు వందల కొద్దీ కనిపిస్తున్నాయి. వాటిలో ఏది మామూలు రోడ్డో, ఏది కలప లారీల కోసం వేసిన దారో తేల్చుకోలేకపోతున్నాను. తొక్కి చూసినవారు చెబితే మేలు.

చక్రవాకం

ముందుగా పటం సంగతి. ఆర్డినెన్స్ సర్వే అనే ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ పటాల్లో పసుపు రంగులో ఉన్నవి ప్రజలందరూ వాడే చిన్న తారురోడ్లు. అడవి లోపల తెల్లగా, రంగు నింపకుండా వదిలినవి చాలావరకు కలప కోసం వేసిన కంకర దారులు. 2003 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో ఆ తెల్లని దారుల మీద కూడా సైకిల్ తొక్కే హక్కు మనకు ఉంది. అయితే మీ టైర్లకు అవి సుఖంగా ఉండవు. పసుపు గీతలనే పట్టుకోండి.

నన్నడిగితే ట్రోసాక్స్ ప్రాంతంలోని లాక్ కాట్రిన్ చుట్టును మించినది లేదు. ఇక్కడ లాక్ అంటే సరస్సు. గ్లాస్గో నగరానికి తాగునీరు ఈ సరస్సు నుంచే వస్తుంది. ఆ పథకాన్ని 1859లో విక్టోరియా రాణి ప్రారంభించింది. నీటి సరఫరా సంస్థ అధీనంలో ఉన్నందువల్ల సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న రోడ్డులోకి బయటివారి కార్లను రానివ్వరు, నడిచేవారికీ సైకిళ్ళకూ మాత్రం అడ్డు లేదు. ట్రోసాక్స్ పియర్ అనే పడవల రేవు నుంచి స్ట్రోనాక్లాకర్ వరకు 20 కిలోమీటర్లకు పైగా, ఒక పక్క నీరు, మరో పక్క బర్చ్, ఓక్ చెట్లు, మధ్యలో చక్కని తారురోడ్డు. అక్కడక్కడా పొలాలవాళ్ళ బండి ఒకటి ఎదురైతే ఎదురవుతుంది, అంతే. ఆ దారిలో గ్లెన్‌గైల్ అనే చోటు వస్తుంది, స్కాట్లాండ్ జానపద వీరుడు రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ 1671లో పుట్టింది అక్కడే.

అబర్‌ఫాయిల్ ఊరి నుంచి మొదలుపెట్టి డ్యూక్స్ పాస్ ఎక్కి దిగి, లాక్ కాట్రిన్ ఒడ్డు వెంట స్ట్రోనాక్లాకర్ చేరి, లాక్ చోన్, లాక్ ఆర్డ్ పక్కగా తిరిగి అబర్‌ఫాయిల్‌కు వస్తే మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. డ్యూక్స్ పాస్ అనేది ఊరి నడిబొడ్డు నుంచే మొదలయ్యే ఘాట్ రోడ్డు. మొదటి మలుపులోనే సైకిల్‌ను చిన్న గేర్‌లోకి దించకపోతే ఆ తరువాత గేర్ మార్చడానికి కాళ్ళు ఒప్పుకోవు. ఎక్కవలసింది 200 మీటర్లకు కాస్త పైన మాత్రమే, అరకు ఘాట్‌ను చూసిన విశాఖవారికి ఇది పెద్ద లెక్కలోకి రాదు. శని, ఆదివారాల్లో తొమ్మిది దాటితే మోటారు సైకిళ్ళ బృందాలు ఆ మలుపుల కోసమే వస్తాయి కాబట్టి, పాస్‌ను ఉదయం ఏడు గంటలకే దాటేయడం నా పద్ధతి. జూన్‌లో ఇక్కడ నాలుగున్నరకే తెల్లవారుతుంది గనుక అది కష్టం కాదు.

పెర్త్ బాటసారి

చక్రవాకం గారు చెప్పిన దారి గొప్పదే, నేను మూడుసార్లు తిరిగాను. ప్రశ్న అడిగినావిడకు కారు లేదన్న సంగతి మాత్రం ఆయన మరచినట్టున్నారు. అబర్‌ఫాయిల్‌కు రైలు లేదు. బాలోక్ స్టేషన్‌లో దిగి, 7వ నంబరు జాతీయ సైకిల్ మార్గం పట్టుకుని డ్రైమెన్ మీదుగా వెళ్ళాలంటే ఒక వైపుకే 35 కిలోమీటర్ల దాకా అవుతుంది. రానూ పోనూ అదంతా కలిపితే ఒక్క రోజులో అయ్యే పని కాదు. అబర్‌ఫాయిల్‌లో రెండు రాత్రులు ఉండగలిగితే మాత్రం తప్పక వెళ్ళవలసిందే.

ఒక్క రోజులో, కేవలం రైళ్ళను నమ్ముకుని వెళ్ళదగినది పెర్త్‌షైర్‌లో ఉంది. గ్లాస్గో నుంచి ఇన్వర్‌నెస్ వెళ్ళే రైలు మార్గంలో పిట్లోక్రీ అనే ఊరు వస్తుంది. అక్కడ దిగి పడమరగా లాక్ టమ్మెల్, లాక్ రానక్ అనే రెండు సరస్సుల పక్కగా వెళితే దాదాపు 60 కిలోమీటర్ల తరువాత రోడ్డు రానక్ స్టేషన్ దగ్గర ఆగిపోతుంది. అది గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం వెళ్ళే మరో రైలు మార్గం మీద, బీడు మధ్యలో ఉన్న చిన్న స్టేషన్. ఆ రోడ్డు అక్కడితో సరి, ముందుకు పోవడానికి దారి లేదు. కాబట్టి ఆ వైపు పనిగట్టుకుని వచ్చేవాళ్ళే తప్ప దాటిపోయే వాహనాలు ఉండవు. ఆ రోడ్డు ప్రశాంతతకు అసలు కారణం అదే.

అడవి సంగతి కూడా చెప్పాలి. స్కాట్లాండ్‌లో మనం చూసే అడవుల్లో ఎక్కువ భాగం 1919లో అటవీ కమిషన్ ఏర్పడ్డాక కలప కోసం వరుసగా నాటిన సిట్కా స్ప్రూస్ తోటలే. లోపలికి వెలుగు రాదు, పక్షి కూత తక్కువ, నరికిన చోట మొద్దులు తప్ప ఏమీ ఉండదు. లాక్ రానక్ దక్షిణపు ఒడ్డున ఉన్న బ్లాక్ వుడ్ అటువంటిది కాదు. ఒకప్పుడు ఈ కొండల మీద విస్తారంగా ఉండిన పైన్ అడవిలో మిగిలిన ముక్కల్లో అదొకటి. ఎర్రటి బెరడుతో వంకర తిరిగిన ముసలి పైన్ చెట్లు, కింద మోకాలెత్తు హెదర్ పొదలు, నాచు. రోడ్డు సరిగ్గా ఆ చెట్ల పక్క నుంచే పోతుంది. వాన వెలిసిన వెంటనే వెళితే జిగురు వాసన ముందు వస్తుంది, చెట్లు తరువాత కనబడతాయి.

దక్షిణాన షీహాలియన్ కొండ కనిపిస్తూనే ఉంటుంది, ఎత్తు 1,083 మీటర్లు. 1774లో నెవిల్ మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ కొండ పక్కన గుండు దారం వేలాడదీసి, కొండ దాన్ని ఎంత తనవైపు లాగుతోందో కొలిచి, దాని నుంచి భూమి సాంద్రతను లెక్కకట్టడానికి పూనుకున్నాడు. కొండను కొలిచిన అంకెలన్నీ లెక్కవేసే పని చార్లెస్ హట్టన్ అనే గణితవేత్తకు అప్పగించారు. ఒకే ఎత్తున్న బిందువులను కలుపుతూ ఆయన గీతలు గీశాడు. మీరు ఎత్తు చూసుకోవడానికి పటంలో వెతికే గీతలు ఆ జాతివే.

గాలివాటం

పెర్త్ బాటసారి గారి దారితో నాకు పేచీ లేదు, దిశతోనే పేచీ. ఈ దేశంలో గాలి ఎక్కువ రోజులు పడమర నుంచి వీస్తుంది. పిట్లోక్రీ నుంచి రానక్ వెళ్ళడమంటే రోజంతా ఎదురుగాలిలో తొక్కుతూ, నెమ్మదిగా ఎత్తుకు పోతూ, చివర్లో రోజుకు కొన్నే నడిచే రైళ్ళలో ఒకదాన్ని అందుకోవడం. నేను ఆ తప్పు చేశాను కాబట్టే చెబుతున్నాను.

ఆ రోజు లాక్ రానక్ దాటేసరికే గంట ఆలస్యమయింది. చివరి 10 కిలోమీటర్లలో చెట్లు పూర్తిగా తగ్గిపోయి బీడు మొదలవుతుంది, గాలికి అడ్డమే ఉండదు. అక్కడ వెనుక టైరు పంచరయింది. ట్యూబు మారుద్దామని సైకిల్ తిరగేశానో లేదో మిడ్జ్ అనే నుసి దోమలు మబ్బులా కమ్ముకున్నాయి. బండి కదులుతున్నంతసేపు అవి దగ్గరికి రాలేవు, ఆగితే మాత్రం చెవుల్లో, కనురెప్పల మీద, చేతి గడియారం కింద కూడా దూరతాయి. ఒక చేత్తో ముఖం తుడుచుకుంటూ ఒక చేత్తో టైరు ఎక్కించి, పంపు కొట్టి స్టేషన్ చేరేసరికి రైలు వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. తరువాతి రైలు కోసం గంటల తరబడి ఆ ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాను. తప్పు నాదే.

అందువల్ల దారిని తిరగేయండి. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో ఉదయపు ఫోర్ట్ విలియం రైలు ఎక్కితే మూడు గంటలకు కాస్త తక్కువలో రానక్‌లో దిగుతారు. సైకిల్‌కు ఛార్జీ లేదు గానీ ఒక్కో రైలులో కొన్నింటికే చోటు ఉంటుంది కాబట్టి, టికెట్‌తో పాటే సైకిల్‌కు కూడా రిజర్వేషన్ చేయించుకోండి. ఆ స్టేషన్ ఎత్తు 300 మీటర్ల దగ్గర, పిట్లోక్రీ 100 మీటర్ల చుట్టుపక్కల, అంటే గాలి వీపున, నేల వాలు పాదాల కింద ఉంటాయి. మధ్యలో ఎక్కుళ్ళు లేవని కాదు, మొత్తం మీద లెక్క మీ వైపే ఉంటుంది. పిట్లోక్రీ నుంచి గ్లాస్గోకు రైళ్ళు సాయంత్రం దాకా ఉంటాయి కనుక ఒకటి తప్పినా కంగారు పడవలసిన పని లేదు.

క్లైడ్ ఒడ్డు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రానక్ నుంచి పిట్లోక్రీకి అనే ఆలోచన నాకు బాగా నచ్చింది. రెండు సందేహాలున్నాయి. ఒంటరిగా వెళ్ళేటప్పుడు కలప లారీలు ఎదురైతే ఇరుకు రోడ్డు మీద ఏం చేయాలి? దారిలో తిండి, నీళ్ళు దొరుకుతాయా? మావారు ఈ రెండు ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా రైలు టికెట్ కొననివ్వడం లేదు.

పెర్త్ బాటసారి

మీవారి భయం అర్థం లేనిది కాదు. ఒక్క బండి పట్టేంత వెడల్పున్న రోడ్డు అది. ప్రతి రెండు మూడు వందల మీటర్లకు రోడ్డు పక్కన కాస్త వెడల్పు చేసి ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెడతారు. మన దేశంలో లాగానే ఇక్కడ ఎడమవైపు ప్రయాణం. పాసింగ్ ప్లేస్ మీ ఎడమన ఉంటే అందులోకి తప్పుకుని ఆగండి, కుడివైపున ఉంటే మీ పక్కనే, దానికి ఎదురుగా ఆగితే వచ్చే బండి అందులోకి తిరిగి వెళుతుంది. వెనుక నుంచి వచ్చే బండికీ ఇదే మర్యాద. కలప లారీ మలుపు తిరగకముందే దాని రొద అడవిలో వినిపిస్తుంది కాబట్టి చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. ఆ డ్రైవర్లు రోడ్డును బాగా ఎరిగినవాళ్ళు. మీరు దారి ఇస్తే చెయ్యెత్తి పలకరిస్తారు, మీరూ చెయ్యెత్తండి. శని, ఆదివారాల్లో లారీలు తక్కువ.

నా అనుభవంలో లారీల కంటే గొర్రెలే ఎక్కువ ప్రమాదం. తల్లి గొర్రె రోడ్డుకు ఒక పక్క, పిల్ల మరో పక్క కనిపించాయంటే బ్రేకు మీద వేళ్ళు ఉంచండి, పిల్ల సరిగ్గా మీరు దగ్గరికి వచ్చాకే తల్లి దగ్గరికి ఉరుకుతుంది. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కడ్డీలు పరిచిన చోట్లు కూడా వస్తాయి. వాటి మీద హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు వేయకుండా, నిటారుగా పోవాలి. తడిసిన ఇనుము మీద టైరు సబ్బులా జారుతుంది.

తిండి విషయానికి వస్తే, రానక్ స్టేషన్ దగ్గర వేసవిలో టీ దుకాణం ఉంటుంది. ఆ తరువాత కిన్‌లాక్ రానక్ ఊరు వచ్చేదాకా ఏమీ ఉండదు, అంటే దాదాపు 27 కిలోమీటర్లు. రెండు నీళ్ళ సీసాలు, నాలుగు పులిహోర ముద్దలు కట్టుకుంటే చాలు. ఆ మధ్యలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. పటాన్ని ముందే ఫోన్‌లో దించుకుని, ఏ రైలులో తిరిగి వస్తారో మీవారికి రాసి ఇచ్చి వెళ్ళండి.

గాలివాటం

ఇంకొక్క మాట. టమ్మెల్ బ్రిడ్జ్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఉత్తరపు ఒడ్డున పోతే క్వీన్స్ వ్యూ అనే ప్రసిద్ధమైన చోటు వస్తుంది. విక్టోరియా రాణి 1866లో అక్కడికి వచ్చింది, కానీ ఆ పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ళ కిందటి ఇజబెల్లా రాణిదని చెప్పేవారూ ఉన్నారు. చూడదగినదే గాని పర్యాటకుల కార్లన్నీ ఆ వైపే. నది దాటి దక్షిణాన ఫాస్ మీదుగా పోయే రోడ్డు ఇరుకుగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా మీరు కోరిన ప్రశాంతత అందులోనే ఉంది. కాళ్ళలో సత్తువ మిగిలి ఉంటే అటే వెళ్ళండి.

అంతకంటే ముందు, రానక్ స్టేషన్ నుంచి బయలుదేరాక బ్రిడ్జ్ ఆఫ్ గౌర్ అనే చోట నేరుగా పోకుండా కుడివైపు తిరిగి వంతెన దాటాలి. నేరుగా పోయినా కిన్‌లాక్ రానక్ వస్తుంది కాబట్టి దారి తప్పినట్టు మీకు తెలియను కూడా తెలియదు, బ్లాక్ వుడ్ మాత్రం సరస్సుకు అవతలి ఒడ్డున ఉండిపోతుంది.

క్లైడ్ ఒడ్డు

కుడివైపు తిరిగి వంతెన దాటాలి అని హ్యాండిల్ మీద కాగితం అంటించుకుంటాను. ఈ మాటలన్నీ చదివి వినిపించాక మావారు టికెట్‌కు సరేనన్నారు గానీ, పిట్లోక్రీ స్టేషన్‌కు తాను ముందే వచ్చి కూర్చుంటానంటున్నారు. జూన్ రెండో శనివారానికి నాకూ సైకిల్‌కూ చోటు దొరికింది.