సగం ఏడాది మల్కాజిగిరి, సగం ఏడాది ఎడిసన్: గ్రీన్‌కార్డుతో కుదురుతుందా?

మల్కాజిగిరి రైల్వే పెన్షనర్:
అందరికీ నమస్కారం. దక్షిణ మధ్య రైల్వే అకౌంట్స్‌లో చేసి రిటైరయ్యాను. నాకు 68. మావాడికి కిందటేడు అమెరికా పౌరసత్వం వచ్చింది, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కూడా కొన్నాడు. అప్పటి నుంచి ఒకటే పోరు, "గ్రీన్‌కార్డుకు అప్లై చేసేస్తాను, ఇద్దరూ వచ్చేయండి నాన్నా" అని. కోడలు కూడా అంటోంది, అంటే మాటవరసకు అనేది కాదు.

విజిటర్ వీసా మీద వెళ్లొచ్చాం కాబట్టి ఆ ఊరు కొత్త కాదు. ఓక్ ట్రీ రోడ్డులో గోంగూర, దొండకాయ అన్నీ దొరుకుతాయి. బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. కానీ కారు లేనిదే కాలు కదలదు. ఇక్కడ కరివేపాకు అయిపోతే చెప్పులేసుకుని సందు చివరికి వెళ్తాను. అక్కడ వాడి మీటింగ్ అయ్యేదాకా సోఫాలో కూర్చోవాలి. వాడి తప్పేం లేదు, ఊరే అలా కట్టారు.

అందుకే నేనొక లెక్క వేశాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ, దసరాకి ఇక్కడ. మన ఎండలూ తప్పుతాయి, వాళ్ల మంచూ తప్పుతుంది, నవంబరులో పెన్షన్ కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి ఇంట్లోనే ఉంటాం. మా ఆవిడ మాత్రం ఒక్క ముక్కతో కొట్టేసింది: "మరి ఆవకాయ ఎవరు పెడతారు?" మోండా మార్కెట్‌లో కాయ తనే ఏరాలి, తన కళ్లముందే కొట్టించాలి. ఇంటికి తెచ్చాక ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచి, టెంక లోపలి పొర తీసేదాకా ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వదు.

సరే, అది మా ఇద్దరి మధ్య తేలుతుంది. మీరు చెప్పాల్సింది: గ్రీన్‌కార్డు తీసుకుని ఇలా సగం సగం ఉండొచ్చా? ఇక్కడ బీపీ, షుగర్ మందులు లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో ఇస్తారు, అక్కడ ఎలా? పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో ఉన్న డబ్బు, బ్యాంకు డిపాజిట్ల సంగతేంటి?

ఎడిసన్ అమ్మమ్మ:
అన్నయ్యగారూ, నేను గ్రీన్‌కార్డు మీదే ఇక్కడ ఉంటున్నాను. మెడికేర్ గురించి, అంటే ఇక్కడ పెద్దవాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా గురించి ముందే తెలుసుకోండి. 65 నిండగానే ఇచ్చేయరు. ఇక్కడ ఉద్యోగం చేయని మనలాంటివాళ్లు గ్రీన్‌కార్డుతో వరసగా అయిదేళ్లు ఇక్కడ ఉండాలి. ఆ తర్వాత కూడా ఊరికే రాదు, కొనుక్కోవాలి. 2025లో ఆసుపత్రి ఖర్చులకు ఉండే పార్ట్ ఏకి నెలకు 518 డాలర్లు, డాక్టరు ఖర్చులకు ఉండే పార్ట్ బీకి 185 డాలర్లు. ఇద్దరికీ కలిపితే నెలకు 1,400 దాటింది. ఆ అయిదేళ్లూ సర్కారు నడిపే మార్కెట్‌ప్లేస్‌లో ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోవాలి, అదీ పిల్లల నెత్తినే.

కాలక్షేపం అంటారా, మా వీధిలో గుజరాతీ ఆవిడ, నేను రోజూ సాయంత్రం నడుస్తాం. ఆవిడకి తెలుగు రాదు, నాకు గుజరాతీ రాదు, హిందీలో ఇద్దరికీ లింగభేదాలు లేవు. అయినా ఆవిడ కోడలి గురించి నాకు తెలియని సంగతి లేదు! జనవరిలో మాత్రం కిటికీయే గతి. అమ్మాయి కాన్పులప్పుడు నా అవసరం ఉండేది కాబట్టి రోజులు తెలియలేదు. ఇప్పుడు మనవలు బడికి పోతే ఇంట్లో నేను, ఫ్రిజ్ చప్పుడు.

కూకట్‌పల్లి తాతయ్య:
గ్రీన్‌కార్డు తీసుకుని వదిలేసినవాణ్ణి, కాబట్టి నా మాట కొంచెం వినండి. అది అక్కడ కాపురం ఉండేవాళ్లకి ఇచ్చేది, వచ్చిపోయేవాళ్లకి కాదు. ఆరు నెలలు దాటి బయట ఉండి వెళ్తే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటేట్టయితే ముందే రీఎంట్రీ పర్మిట్, అంటే మళ్లీ రావడానికి అనుమతి కాగితం, తీసుకుని బయల్దేరాలి. ఆరు నెలల లోపే వెళ్తున్నా సరే, ఏటా సగం కాలం ఇండియాలోనే గడిపితే "నీ ఇల్లు అసలు ఎక్కడ?" అని అడగొచ్చు. నన్ను అడిగారు. పక్కన మా ఆవిడ చేతిలో ఇన్‌హేలర్ పట్టుకుని నిలబడి ఉంది, ఆ టెన్షన్ నాకొద్దనిపించింది.

ఇంకోటి. కార్డు చేతిలో ఉన్నన్నాళ్లూ మన పెన్షన్, ఇక్కడి వడ్డీ అంతా అమెరికా ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే దానికి వేరే ఫారం. మనలో ఎవరికి దాటదు చెప్పండి? నేను ఐ-407 ఫారం ఇచ్చి కార్డు సరెండర్ చేశాను. తర్వాత నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో విజిటర్ వీసాకు వెళ్తే, ఎందుకు వదిలేశారని అడిగి ఇచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్ రిటైర్డ్ బ్యాంకర్:
డబ్బు విషయం చెప్తాను. చుట్టపుచూపుగా వెళ్లొస్తే మీ ఖాతాల జోలికి ఎవరూ రారు. స్థిరపడటానికి వెళ్తే మాత్రం సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ఎన్ఆర్ఐలకు ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతాగా మార్పించుకోవాలి. అప్పుడు పన్ను కోయొద్దని సీనియర్లు ఇచ్చే ఫారం పనిచేయదు, వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, పైన సెస్సు కోస్తారు. ఎన్ఆర్ఐలు సీనియర్ సిటిజన్ స్కీములో కొత్త ఖాతా తెరవలేరు. 2025లో దానిమీద 8.2 శాతం వచ్చింది. అంత వడ్డీ ఇంకెక్కడ దొరుకుతుంది?

లైఫ్ సర్టిఫికెట్ అంత కష్టం కాదు, అక్కడి నోటరీయో మన ఇండియన్ కాన్సులేట్ అధికారో సంతకం చేసినా చెల్లుతుంది. అసలు తలనొప్పి ఓటీపీ. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన సిమ్ రీచార్జి అయిపోతే అమెరికాలో కూర్చుని ఏమీ చేయలేరు. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం దీని గురించే.

మల్కాజిగిరి రైల్వే పెన్షనర్:
అందరికీ ధన్యవాదాలు. కూకట్‌పల్లి తాతయ్యగారి మాట నాకు పట్టింది. గ్రీన్‌కార్డు ఇప్పుడే వద్దు, పాత వీసా ఇంకా ఉంది, దానిమీదే వస్తామని మావాడికి చెప్పేశాను. కొంచెం మొహం ముడుచుకున్నాడు. కోడలు మాత్రం వెంటనే టికెట్లు చూడటం మొదలెట్టింది. మా ఆవిడతో మే నెలాఖరుకు ఒప్పందం కుదిరింది. ఇన్సూరెన్స్ ఇక్కడ తీసుకోవాలా, అక్కడా?

ఎడిసన్ అమ్మమ్మ:
అబ్బాయి చేత అమెరికాదే తీయించండి. ఇక్కడి ఆసుపత్రులు తీసుకునే నెట్‌వర్క్ ఉన్నది చూడమనండి. పాత జబ్బులకు ఇవ్వరు, ఉన్నట్టుండి తిరగబెడితే మాత్రం కొన్ని ప్లాన్లు ఇస్తాయి. 70 దాటితే చాలావాటిలో అదీ ఉండదు, మీకింకా టైముంది. మందులు ఉండేన్నాళ్లకు సరిపడా తెచ్చుకోండి, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలోనే.

కూకట్‌పల్లి తాతయ్య:
ఆరు నెలలూ గ్యారంటీ అనుకోకండి. ఎన్నాళ్లు ఉండొచ్చో దిగినప్పుడు ఆఫీసరే తేలుస్తాడు. ఐ-94లో, అంటే దిగినప్పుడు వాళ్లు నమోదు చేసే రికార్డులో, తేదీ చూశాకే తిరుగు టికెట్ మార్చుకోవాలా వద్దా ఆలోచించండి.