కుప్పగల్లు కొండపై ఎద్దుల బొమ్మలున్న బండ ఎక్కడ?

నేనుండేది బెంగళూరు, వెతుకుతున్నది బళ్ళారి దగ్గరి కుప్పగల్లు కొండ మీది రాతిబొమ్మల్లో ఒకదాన్ని. గ్రానైట్ కొండను చీల్చుకుని సాగే డోలరైట్ అనే నల్లరాతి బండల వరుసలో, పొడవాటి కొమ్ములు, మూపురం ఉన్న ఎద్దుల గుంపు. 1892లోనే బ్రిటిష్ అధికారి ఫాసెట్ ఈ కొండ బొమ్మల గురించి రాశారు. నా దగ్గరున్నది మాత్రం ఊరూ దిక్కూ లేని పాత ఫొటో.

ఉపగ్రహ పటంలో ఆ నల్లటి చార తెలుస్తుంది, బండలు తెలియవు. కొండెక్కి చూస్తే, మిట్టమధ్యాహ్నం రాయి మెరుపుకి ఏమీ కనబడలేదు. సాయంత్రం ఏటవాలు ఎండలో, రాయితో పొడిచిన చుక్కలు తెల్లగా తేలాయి. తీరా చూస్తే చాలావరకు ఈ కాలపు ప్రేమికుల పేర్లు! రాయిని తడిపి చూడమన్నారు కొందరు, నేను ఆ పని చేయలేదు. గొర్రెల కాపరులు క్వారీ వైపు చెయ్యి చూపారు.

ఈమధ్య ఆ బండను కళ్లారా చూసినవారు ఉంటే, అది వరుసకు ఏ చివర ఉందో చెప్పగలరా?