ఒక్కసారి యూరిన్ ఇన్ఫెక్షన్‌కే పది నెలల బాబుకి ఎంసీయూ చేయించాలా?

చిన్నోడి_అమ్మ, తెనాలి:
అందరికీ నమస్కారం. మా బాబుకి పది నెలలు. పోయిన నెల 103 జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు. రెండో రోజు మా ఊళ్ళో డాక్టర్ గారు యూరిన్ పరీక్ష రాస్తే చీము కణాలు కనిపించాయి. ఆ రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, నాలుగో రోజు పొద్దున్నకి జ్వరం పోయింది. తర్వాత కల్చర్ రిపోర్టులో, అంటే మూత్రంలో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే పరీక్షలో, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని వచ్చింది. పది రోజుల కోర్సు పూర్తిచేశాం. అల్ట్రాసౌండ్ నార్మల్. ఇప్పుడు ఆయన ఎంసీయూ చేయించమంటున్నారు. సన్నటి పైపు పెట్టి మూత్రాశయంలోకి డై ఎక్కించి, బాబు పోసేటప్పుడు ఎక్స్‌రేలు తీస్తారట. మూత్రం వెనక్కి కిడ్నీల్లోకి ఎగదన్నుతోందేమో అందులో తెలుస్తుందట. విజయవాడలో ఇంకో డాక్టర్ గారికి చూపిస్తే "మొదటిసారికే అక్కర్లేదమ్మా, ఇప్పుడు పద్ధతి మారింది, మళ్ళీ వస్తే చూద్దాం" అన్నారు. ఇద్దరూ పేరున్నవాళ్ళే. పైపు అనే మాట వినగానే మా అత్తగారు ఒకటే ఏడుపు. ఏం చేయమంటారు?

సిద్దిపేటోడు:
చేయించు చెల్లె, ఆలోచన పెట్టుకోకు. మా అన్న కొడుక్కు ఏడాది లోపల రెండుసార్లు జ్వరమొచ్చింది. ఒకసారి పండ్లు వస్తున్నయ్ అన్నరు, ఇంకోసారి వైరల్ అన్నరు. మూడేండ్లకు పిల్లగాని మొఖం ఉబ్బింది. రక్తం చూస్తే క్రియాటినిన్ 3 దాటింది, అంటే కిడ్నీలు సరిగ పనిచేస్తలేవన్నట్టు. అప్పుడు చేసిండ్రు ఈ ఎంసీయూ. మూత్రనాళంల పుట్టుకతోనే పొర అడ్డం ఉన్నదట, వాల్వు అంటరు. అది కోసేసిండ్రు గానీ కిడ్నీలు అప్పటికే పాడైనయ్. ఇప్పుడు వానికి పదకొండేండ్లు, డయాలసిస్ మాట నడుస్తున్నది. అయిదు నిమిషాల ఏడుపుకు భయపడితే ఎట్ల?

అట్లాంటా_అత్తయ్య:
తమ్ముడూ, మీ బాధ అర్థమైంది. కానీ రెండోవైపు కూడా చెప్తాను. 2009లో మా అమ్మాయికి ఏడాదిన్నర. ఇక్కడ అప్పట్లో మొదటి ఇన్ఫెక్షన్‌కే అందరికీ చేసేవారు. ఇద్దరు నర్సులు కాళ్ళు పట్టుకుంటే నేను తల పట్టుకున్నాను. ఆ తర్వాత నెలరోజులు డైపర్ మార్చడానికి పడుకోబెడితే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. తేలిందేమిటి? రెండో గ్రేడ్ రిఫ్లక్స్, అంటే ఆ మూత్రం వెనక్కి ఎగదన్నడమే. అయిదు గ్రేడుల్లో రెండోది, చాలామందికి దానంతటదే పోయేది. దానికోసం రెండేళ్ళు రోజూ రాత్రి బాక్ట్రిమ్ అనే యాంటీబయాటిక్ సిరప్. 2011లో ఇక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ, రెండేళ్ళ లోపు పిల్లలకి మొదటిసారికి అల్ట్రాసౌండ్ చాలు, అది తేడాగా ఉంటేనో మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తేనో ఇది చేయండి అని మార్చేసింది. మా అమ్మాయి సిరప్ అప్పటికి అయిపోవచ్చింది!

సిద్దిపేటోడు:
మీ అమ్మాయి మంచిగున్నది గద అక్కా. మా పిల్లగాడు లేడు.

పిల్లల_డాక్టర్:
అన్నా, మీ అన్నగారి అబ్బాయి విషయంలో ఒక్క మాట. ఆ రెండు జ్వరాలప్పుడు మూత్రం పరీక్ష చేశారా? మీరు రాసినదాన్నిబట్టి చేయలేదు. అంటే మొదటి ఇన్ఫెక్షన్ తర్వాత ఎంసీయూ వద్దనడం వల్ల జరిగిన నష్టం కాదది. కారణం తెలియని జ్వరంలో మూత్రం చూడకపోవడం వల్ల జరిగింది. ఆ వాల్వుకి సాధారణంగా అల్ట్రాసౌండ్‌లోనే ఆనవాళ్ళుంటాయి. మూత్రాశయం గోడ మందంగా, కిడ్నీలు రెండువైపులా ఉబ్బి కనిపిస్తాయి. కనిపిస్తే ఎంసీయూ చేసి తీరాలి, అందులో వాదన లేదు.

వాదనంతా అల్ట్రాసౌండ్ బాగున్న పిల్లల గురించే. జ్వరంతో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి రిఫ్లక్స్ ఉంటుంది, ఎక్కువమందికి చిన్న గ్రేడులే. దొరికితే ఏం చేస్తాం? రోజూ కొంచెం యాంటీబయాటిక్ ఇస్తాం. అది కిడ్నీని కాపాడుతుందా అని అమెరికాలో రివర్ అనే పరిశీలన చేశారు, 2014లో వచ్చింది. రిఫ్లక్స్ ఉన్న 607 మంది పిల్లలు, రెండేళ్ళు. ఉత్తుత్తి మందు వాడిన 305 మందిలో 72 మందికి ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది, అసలు మందు వాడిన 302 మందిలో 39 మందికే. బాగుంది కదా. కానీ కిడ్నీల మీద మచ్చలు? మందు వాడినవాళ్ళలో 11.9 శాతం, వాడనివాళ్ళలో 10.2 శాతం. తేడా లేనట్టే. పైగా మందు వాడుతుండగా ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో తిరగబెట్టినవాళ్ళలో 63 శాతం మందికి ఆ మందుకి లొంగని రకం వచ్చింది, రెండోవైపు అది 19 శాతమే. పిల్లాడికి పైపు పెట్టి వెతికిన జబ్బుకి మనం ఇచ్చే మందు మచ్చల్ని ఆపలేకపోతే ఎందుకు వెతికినట్టు? విజయవాడ డాక్టర్ గారి మాట వెనక ఉన్న లెక్క ఇదే.

సిద్దిపేటోడు:
డాక్టర్ సాబ్, మా అన్న కొడుకు విషయంల మీరన్నది నిజమే, మూత్రం చూడలే. ఒప్పుకుంటున్న. కానీ "మళ్ళీ వస్తే చూద్దాం" అన్న మాట మా ఊర్ల నడవదు. మళ్ళీ జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతరు, సూది ఏస్తడు, తగ్గుతది. మూత్రం ఎవడు చూస్తడు? మీ పద్ధతి జ్వరమొచ్చిన రెండోనాడు డాక్టర్ దగ్గర ఉండేటోళ్ళకు పెట్టిన పద్ధతి.

పిల్లల_డాక్టర్:
ఇది మంచి మాట. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. అమెరికా అకాడమీ కూడా, ఇకమీదట ఏ జ్వరం వచ్చినా 48 గంటల్లోపు చూపించాలని అమ్మానాన్నలకి చెప్పమని ఆ సిఫార్సులోనే రాసింది. ఆ షరతు తీసేసి మిగతాది మాత్రం పట్టుకుంటే ప్రమాదమే. నేనైతే ప్రిస్క్రిప్షన్ మీద ఎర్ర ఇంకుతో "ఎప్పుడు జ్వరం వచ్చినా ముందు యూరిన్" అని రాసిస్తాను. ఎంతమంది పాటిస్తారంటే, ఏమో.

తెనాలి అమ్మగారూ, మీ పోస్టులో ఇంకో చిక్కు ఉంది. మన దేశపు పిల్లల కిడ్నీ డాక్టర్ల సంఘం 2023లో కొత్త మార్గదర్శకాలిచ్చింది. ఇన్ఫెక్షన్ తిరగబెట్టినా, అల్ట్రాసౌండ్ తేడాగా ఉన్నా ఎంసీయూ చేయమంది. మూడోది, రెండేళ్ళ లోపు బిడ్డకి ఈ.కోలై కాకుండా వేరే బ్యాక్టీరియాతో ఇన్ఫెక్షన్ వచ్చినా చేయమంది. మీ బాబుకి వచ్చింది క్లెబ్సియెల్లా! కాబట్టి మీ ఊరి డాక్టర్ గారు పాత పుస్తకం పట్టుకుని కూర్చున్నారని అనుకోకండి. ఆ రిపోర్టు నిజమైతే ఆయన చెప్పిందే సరి.

మైక్రోస్కోప్_గుంటూరు:
"ఆ రిపోర్టు నిజమైతే" అన్నారు చూడండి, నేను అక్కడ ఆగిపోయాను. పద్దెనిమిదేళ్ళుగా ల్యాబ్‌లో కల్చర్లు చూస్తున్నా. అమ్మా, బాబు మూత్రం ఎలా పట్టారు?

చిన్నోడి_అమ్మ:
ల్యాబ్‌లో బ్యాగ్ ఇచ్చారండీ. అంటించి ఉంచాం. బాబు చాలాసేపు పోయలేదు. రెండు గంటలు పైనే అయ్యుంటుంది. మధ్యలో కాస్త దొడ్డికి కూడా వెళ్ళాడు, తుడిచి అదే బ్యాగ్ ఉంచాం.

మైక్రోస్కోప్_గుంటూరు:
అమ్మా, అది కల్చర్‌కి పనికొచ్చే శాంపిల్ కాదు. మీ తప్పేం లేదు, మీకెవరూ చెప్పలేదు. క్లెబ్సియెల్లా పిల్లల పేగుల్లో ఎలాగూ ఉంటుంది, దొడ్డితోపాటు చర్మానికి అంటుకుని బ్యాగ్‌లోకి దిగుతుంది. బ్యాగ్‌లో ఏమీ పెరగకపోతే ఇన్ఫెక్షన్ లేదని నమ్మొచ్చు. పెరిగిందంటే మాత్రం నమ్మకూడదు. ఇన్ఫెక్షన్ నూటికి అయిదుగురికే ఉండే పిల్లల్లో, బ్యాగ్ కల్చర్ పాజిటివ్ వచ్చినవి 88 శాతం ఉత్తివేనని డాక్టర్ గారు చెప్పిన ఆ అమెరికా అకాడమీయే లెక్కకట్టింది. మా ల్యాబ్‌కి వారానికి నాలుగైనా వస్తాయి ఇలాంటివి. ఫారం మీద "బ్యాగ్" అని రాసి పంపినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాయకపోతే మేం మామూలు శాంపిల్ అనుకునే రిపోర్టు ఇస్తాం. ఆ కాగితం పట్టుకుని పైన ఇద్దరు డాక్టర్లు తగువులాడుకుంటారు.

సిద్దిపేటోడు:
మరి మందు పడంగనే జ్వరమెట్ల తగ్గింది సారూ? ఇన్ఫెక్షన్ లేకుంటే తగ్గుతదా?

పిల్లల_డాక్టర్:
ఇన్ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది, వైరల్ అయినా మూడు నాలుగు రోజులకి తనంతట తగ్గుతుంది. అమ్మా, జ్వరం తగ్గాక ఒంటి మీద దద్దుర్లేమైనా వచ్చాయా?

చిన్నోడి_అమ్మ:
అయ్యో, వచ్చాయండీ! జ్వరం పోయిన రోజు సాయంత్రం పొట్ట మీద, వీపు మీద గులాబీ రంగులో చిన్న చిన్నవి. ముఖం మీద పెద్దగా లేవు. మందు పడలేదేమో అనుకుని ఫోన్ చేస్తే, దురద లేకపోతే కొనసాగించమన్నారు. రెండ్రోజుల్లో పోయాయి.

పిల్లల_డాక్టర్:
ఆరు నెలల నుంచి రెండేళ్ళ మధ్య పిల్లలకి రోజియోలా అని ఒక వైరల్ వస్తుంది. మూడు రోజులు ఎడాపెడా జ్వరం, అది దిగిన వెంటనే దద్దుర్లు. మీరు చెప్పింది అచ్చం అలాగే ఉంది. అయితే చీము కణాలు ఉన్నాయన్నారు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని నేను ఇక్కడ కూర్చుని కొట్టిపారేయను. యాంటీబయాటిక్ అయిపోయింది, ఇప్పుడు మళ్ళీ పరీక్ష చేసినా అప్పటి సంగతి తేలదు. ఈ రెండు విషయాలూ, బ్యాగ్ సంగతీ దద్దుర్ల సంగతీ, ఇద్దరు డాక్టర్లకీ చెప్పండి. చెప్పాక కూడా మీ ఊరి ఆయన ఎంసీయూ అంటే ఆయనకి కారణం ఉండొచ్చు, అడగండి.

కాజా_కాకినాడ:
కొంచెం పక్కదారి, కానీ ఎవరికైనా పనికొస్తుంది. మా పాపకి ఆరేళ్ళు. ఏడాదిలో నాలుగుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్. ఎంసీయూ చేయించాం, ఏమీ లేదు. కిడ్నీల మీద మచ్చలు చూసే డీఎంఎస్‌ఏ స్కాన్ చేయించాం, మచ్చల్లేవు. ఆఖరికి ఒక పెద్దావిడ డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి చూసి "దొడ్డికి ఎన్నాళ్ళకోసారి వెళ్తుంది?" అని అడిగారు. మూడు రోజులకోసారి, అదీ మేకపెంటికల్లాగా. బడిలో బాత్రూం కంపు అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండూ బిగబట్టుకునేదట! గట్టిపడ్డ మలం ముందున్న మూత్రాశయాన్ని నొక్కేసి మూత్రం పూర్తిగా ఖాళీ కానివ్వదని ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. విరేచనం సాఫీ అయ్యే పౌడరు ఆరు నెలలు, అన్నం తిన్నాక కాళ్ళకింద పీట వేసి కూర్చోబెట్టడం. అంతే, పద్నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా రాలేదు. నలుగురు డాక్టర్లు మారాం, ముగ్గురు ఆ ప్రశ్నే అడగలేదు.

పిల్లల_డాక్టర్:
పక్కదారి కాదండీ, అదే అసలు దారి. 1997లో అమెరికాలో, ఎప్పటినుంచో మలబద్ధకం ఉన్న 234 మంది పిల్లల్ని చూసిన పరిశీలన వచ్చింది. 11 శాతం మందికి యూరిన్ ఇన్ఫెక్షన్లుండేవి. మలబద్ధకం నయం చేస్తే, మూత్రవ్యవస్థలో పుట్టుకలోపం లేనివాళ్ళందరికీ అవి ఆగిపోయాయి. కడుపుకి ఒక డాక్టరు, కిడ్నీకి ఒక డాక్టరు అని పంచుకున్నాక ఇది ఎవరి వాటాకీ రాకుండా పోయింది.

అట్లాంటా_అత్తయ్య:
ఇక్కడ 2016 నుంచి ఎక్స్‌రే బదులు అల్ట్రాసౌండ్‌తో, బుడగల ద్రవం ఎక్కించి రిఫ్లక్స్ చూసే పరీక్షకి అనుమతి ఉంది. రేడియేషన్ ఉండదు. పైపు మాత్రం తప్పదు లెండి.

మైక్రోస్కోప్_గుంటూరు:
తెనాలి అమ్మగారూ, ఈసారి జ్వరం వస్తే బ్యాగ్ వద్దు. పైపుతో తీయించడానికి మనసొప్పకపోతే ఇలా చేయండి. శుభ్రంగా కడిగి, స్టెరైల్ డబ్బా మూత తీసి పట్టుకుని, చల్లటి సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపు కింద గుండ్రంగా రుద్దండి. ఆస్ట్రేలియాలో 2017లో 354 మంది పసిపిల్లల మీద చూశారు. రుద్దితే అయిదు నిమిషాల్లో 31 శాతం మంది పోశారు, ఊరికే ఎదురుచూస్తే 12 శాతం. మొదటి చుక్కలు వదిలేసి మధ్యధార పట్టండి.

సిద్దిపేటోడు:
నేను ఇప్పటికీ చేయించమనే అంటున్న. కానీ ఒకటి చెప్పు చెల్లె, ధార ఎట్ల వస్తది? మా పిల్లగానికి చుక్కలు చుక్కలు రాలేది, మేము గమనించలే.

పిల్లల_డాక్టర్:
అడగాల్సిన ప్రశ్నే. ధార బాగుందని వాల్వు లేదని పూర్తిగా చెప్పలేం గానీ, చుక్కలుగా వస్తే మాత్రం రేపే వెళ్ళాలి.

చిన్నోడి_అమ్మ:
రెండ్రోజులు ఆగి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మా ఊరి డాక్టర్ గారికి బ్యాగ్ సంగతి, దద్దుర్ల సంగతి చెప్పాను. కాసేపు రిపోర్టు వంకే చూసి, "బ్యాగ్ అని నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. ఎంసీయూ ప్రస్తుతానికి ఆపారు. నెల తర్వాత ఇంకో అల్ట్రాసౌండ్, ఈలోపు జ్వరం వస్తే మందుకంటే ముందు శుభ్రమైన శాంపిల్. సిద్దిపేట అన్నయ్యా, గుంటూరు సార్ చెప్పిన చల్లగుడ్డ మామూలు నీళ్ళతోనే నిన్న స్నానం దగ్గర ఊరికే చేసి చూశాను. డబ్బా పట్టుకుని మా ఆయన ఎదురుగా కూర్చున్నారు. ధార డబ్బా దాటి ఆయన చొక్కా జేబులో పడింది. మా అత్తగారు నాలుగు రోజుల తర్వాత నవ్వారు.