చిన్న దీవిలో కౌన్సిల్‌కి నిలబడ్డాయన్ని ఏం అడగాలి?

ఉప్పుగాలి:
నమస్తే అండీ అందరికీ. మేముండేది చాలా చిన్న దీవి, వచ్చే నెల కౌన్సిల్ ఎన్నికలు. మా వైపు నిలబడ్డాయన ఇంటింటికీ తిరిగి పాంప్లెట్ ఇచ్చెళ్ళాడు, జెట్టీ పెద్దది చేయిస్తాడట, టూరిస్టుల కోసం బీచ్ రోడ్డట, సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటట. మనిషి మంచోడే, కాదనను. కానీ మా బావి నీళ్ళు రెండేళ్ళుగా ఎండాకాలం వస్తే ఉప్పగా అయిపోతున్నాయి, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, అదడిగితే ప్లాంటు వస్తే అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. ఆదివారం మీటింగ్ ఉంది, ఏం అడిగితే అసలు సంగతి తేలుతుందో చెప్పండి ప్లీజ్.

నేలబావి:
నీళ్ళ సంగతే ముందు పట్టుకోండి అండీ. చిన్న దీవుల్లో ఇంకిన వాన నీళ్ళు కింద ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, మంచినీళ్ళు తేలిక కాబట్టి. లెక్కేంటంటే సముద్ర మట్టం పైన 1 మీటరు మంచినీళ్ళుంటే కింద సుమారు 40 మీటర్ల దాకా ఉన్నట్టు. అంటే మోటార్లు పెట్టి లాగీ లాగీ పైన 10 సెంటీమీటర్లు దిగిందనుకోండి, కింద నుంచి ఉప్పునీళ్ళు మెల్లగా 4 మీటర్లు పైకి ఎక్కేస్తాయి. మీ బావిలో జరిగేది చాలావరకు ఇదే అయ్యుంటుంది. కాబట్టి ఎన్ని బోర్లున్నాయి, ఎవరెంత తోడుతున్నారు, మీటర్లు పెట్టిస్తావా, కొత్త హోటళ్ళకి బోరు పర్మిషన్ ఆపుతావా అని అడగండి. ప్లాంటు చెడ్డదని కాదు, కానీ పెద్ద ప్లాంట్లలోనే వెయ్యి లీటర్లకి 3, 4 యూనిట్ల కరెంటు అవుతుంది, చిన్నవాటికి ఇంకా ఎక్కువ, పైగా మిగిలిన చిక్కటి ఉప్పునీళ్ళు ఎక్కడ వదులుతారో కూడా చెప్పాలి.

రేవుకాడ:
నేనూ దీవిలోనే పెరిగాను. జెట్టీ పెద్దది చేస్తే ఏమొస్తుంది, పడవ రావాలి కదా! మా నాన్నకి ఒకరోజు రాత్రి గుండె నొప్పొచ్చింది, గాలి ఎక్కువుందని ఫెర్రీ వాళ్ళు ట్రిప్పు క్యాన్సిల్ చేశారు, అది తప్పనను, గాలిలో పడవ తీయమని ఎవరంటారు. కానీ అలాంటి రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో ఊళ్ళో ఒక్కరికీ తెలీదు, క్లినిక్‌కి తాళం, నేను ఆయన చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా కిటికీలోంచి రేవు లైటే చూస్తూ కూర్చున్నా. నాన్న బతికాడు. అందుకే చెప్తున్నా, మూడు రోజులు పడవ రాకపోతే మందులు, డీజిల్, పేషెంట్ల సంగతేంటి అని మీ అభ్యర్థిని అడగండి. ఇంకోటి, చాలాచోట్ల ఫెర్రీ నడిపేది కౌన్సిల్ కాదు, పైనున్న ప్రభుత్వమో కంపెనీయో. తన చేతిలో ఏముంది, ఏది పైవాళ్ళతో కొట్లాడి తేవాలి అన్నది విడివిడిగా చెప్పించండి.

గాలిమర:
కరెంటు విషయంలో స్కాట్లాండ్‌లో ఎగ్ అనే దీవి ఉంది చూడండి. 1997లో ఊరివాళ్ళ ట్రస్టే దీవిని కొనేసింది, అప్పటికీ చాలా ఇళ్ళకి డీజిల్ జనరేటర్లే, 2008లో వాగు నీళ్ళు, గాలి, ఎండ మూడూ కలిపి సొంత గ్రిడ్ పెట్టుకున్నారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లకి మించి వాడకూడదు అని అందరికీ ఒకటే రూలు. మీ బోర్లకీ అలాంటి రూలు పెట్టగలడా అని నేనైతే అదే అడుగుతా.

ఉప్పుగాలి:
చాలా థాంక్స్ అండీ. రేవుకాడ గారూ, నాన్నగారి విషయం చదివి మా అమ్మకి కూడా చెప్పాను, మా క్లినిక్‌దీ అదే పరిస్థితి. మీటర్ల సంగతి, పడవ రాని రోజుల సంగతి, ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాను. ఇవాళ సాయంత్రం పక్కింటోళ్ళ బావుల్లో నీళ్ళు కూడా రుచి చూసి ఏది ఎంత ఉప్పగా ఉందో రాసుకుని ఆయన ముందు పెడతా. ఆదివారం ఏమన్నాడో వచ్చి రాస్తాను.