గాలి అడ్డుపడుతుంటే ఉపగ్రహం వేగం పెరగడమేంటి?

400 కి.మీ. ఎత్తులో వృత్తాకార కక్ష్యలో ఉపగ్రహం వేగం సెకనుకు 7.67 కి.మీ. పలచటి గాలి రాపిడికి అది మెల్లగా 300 కి.మీ.కి దిగితే 7.73 అవుతుంది. తగ్గాల్సింది పోయి పెరుగుతోంది! ఫార్ములాతో కట్టినా, కంప్యూటర్లో సిమ్యులేషన్ రాసినా ఇదే తంతు. శక్తి లెక్కా సరిపోయింది: తగ్గిన స్థితిశక్తిలో సగం గతిశక్తికి చేరుతుంది, మిగతా సగం వేడిగా పోతుంది.

కాగితం మీద బలాల బాణాలు గీస్తేనే బుర్ర వేడెక్కుతోంది. గాలి నిరోధం సరిగ్గా వెనక్కి. గురుత్వాకర్షణ భూకేంద్రం వైపు, అంటే కదలికకు లంబంగా అనుకుని గీశాను. ముందుకు తోసే బాణం ఒక్కటీ లేదు. శక్తి నిత్యత్వం అని చెప్పి వదిలేయకండి, అది నాకూ తెలుసు. ఉపగ్రహాన్ని ముందుకు తోస్తున్న బలం ఏది, బొమ్మలో దాన్ని ఏ దిశలో గీయాలి?