రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేతి వాపు: అమ్మ ఇంటిపని మానుకోవాలా?

ప్రశ్న:
మా అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ పూర్తయి రెండేళ్లయింది. జబ్బు తిరగబెట్టలేదని డాక్టరుగారు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించాము. కానీ ఆరు నెలలుగా ఆమె కుడిచేయి బరువెక్కుతోంది. నిరుడు వదులుగా ఉన్న గాజులు ఇప్పుడు సబ్బు రాసినా ఎక్కడం లేదు. బిందె ఎత్తవద్దని, పిండి రుబ్బవద్దని చుట్టాలు చెబుతున్నారు. ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలని వారు అనడమే ఆమెను ఎక్కువగా బాధిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు:
అమ్మగారి బాధను తేలికగా తీసుకోకండి. చంకలోని లింఫు గ్రంథులను తీసివేసినప్పుడు, లేదా అక్కడ రేడియేషన్ ఇచ్చినప్పుడు, చేతి నుంచి ద్రవం వెనక్కి పోయే దారులు దెబ్బతిని, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత కూడా, ఈ వాపు వస్తుంది. దీనిని లింఫెడిమా అంటారు. ముందుగా డాక్టరుకు చూపించి, క్యాన్సర్ తిరిగి రావడం, రక్తం గడ్డకట్టడం వంటి కారణాలు లేవని తేల్చుకోండి. తర్వాత ఫిజియోథెరపిస్టు చేత కొలతలు తీయించి, చేతికి బిగుతు తొడుగు వేయించండి. పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది.

మరొక జవాబు:
నాకూ ఇదే వాపు ఉంది. పని పూర్తిగా మాన్పించవద్దని నా మనవి. పర్యవేక్షణలో బరువులను నెమ్మదిగా పెంచుతూ చేసే వ్యాయామం వాపును ఎక్కువ చేయలేదని 2009లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. నేను అరకిలో బరువుతో మొదలుపెట్టాను. కూరలు తరిగేటప్పుడు వేలు తెగితే వెంటనే కడిగి మందు రాయాలి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు అమ్మకు చదివి వినిపించాను. రేపు డాక్టరుగారి దగ్గరకు వెళుతున్నాము.