బీరువా నిండా బట్టలే, ఒక్కటీ నాది అనిపించట్లేదు

నీలిచొక్కా:
హాయ్ అందరికీ. నాకు 28, మాది ఖమ్మం, ఉద్యోగం హైదరాబాద్‌లో. రెండేళ్లుగా రీల్స్ చూసి చూసి తెగ కొన్నా, ఓవర్‌సైజ్డ్ టీషర్టులు, కార్గోలు, గోధుమరంగు లినెన్ చొక్కాలు, మధ్యలో ఓ నెల ఓల్డ్ మనీ లుక్ అన్నారు అదీ కొన్నా (మన దగ్గర కొత్త మనీయే లేదు, అది వేరే విషయం). మొన్న మా అక్క కొడుకు అన్నప్రాసన ఫోటోలు చూస్తే అందరూ బానే ఉన్నారు, నేనొక్కణ్ణే బట్టలు అద్దెకి తెచ్చుకున్నట్టున్నా. అమ్మయితే "ఏంట్రా మీ నాన్న చొక్కా వేసుకొచ్చావా" అనేసింది. నచ్చి వేసుకునేది ఒక్కటే, ముదురు నీలం పోచంపల్లి ఇక్కత్ చొక్కా, కాలర్ చిరిగేదాకా వేశా. కానీ ఆగస్టు 7న చేనేత దినోత్సవం రోజు తప్ప ఆఫీసుకి వేస్తే "ఏంటి పండగా" అంటారు. నాకంటూ ఒక స్టైల్ ఎలా తెచ్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడోఅల్మరా:
తమ్ముడూ, కాలర్ చిరిగేదాకా వేశానని నువ్వే చెప్పావ్ కదా, ఇంకా మమ్మల్ని అడుగుతావేంటి 😄 బీరువాలో ఏముందో కాదు, ఉతికే బుట్టలో ఏం పడుతోందో చూడు. నేను అదే చేశా, హ్యాంగర్లన్నీ తిప్పి పెట్టి, వేసుకున్నది మాత్రం మళ్లీ సరిగ్గా తగిలించా, మూడు నెలలకి చూస్తే వేలు పోసి కొన్న అనార్కలీలు అలాగే ఉన్నాయి, నేను తిరిగింది నాలుగు మంగళగిరి కుర్తీల్లోనే. ఎందుకా అని ఆలోచిస్తే, మంగళగిరి కాటన్ ఒళ్లంతా సాదాగా ఉంటుంది, అంచు దగ్గర నిజాం బోర్డర్ మాత్రమే, నాకు ఒంటి మీద గోల ఉంటే తలనొప్పి. నువ్వు కూడా ఆ చొక్కాలో నీకేం నచ్చిందో విడదీసి చూడు, రంగా, కాలరా, గుడ్డ మందమా? ఊరికే "ఇక్కత్ ఇష్టం" అనుకుని పది కొంటే మళ్లీ ఇదే పోస్ట్ పెడతావ్.

కత్తెరోళ్లపిలగాడు:
అన్నా, మా బాపు టైలర్, చిన్నప్పటి సంది మిషన్ పక్కన్నే పెరిగిన. నీ లొల్లి సగం ఫిట్టింగ్ లొల్లే. ఫోటోల భుజం కుట్టు ఏడున్నదో చూడు, ఎముక దాటి కిందికి జారిందంటే ఎంత మంచి చొక్కా అయినా అడిగి తెచ్చుకున్నట్టే కొడ్తది. ఆ చిరిగిన చొక్కా పారెయ్యకు, అదే ఆదికి ఇయ్యి. రెండున్నర మీటర్ల కాటన్ తీస్కో, కుట్టిచ్చే ముందు రాత్రంతా నీళ్లల్ల నానబెట్టి ఆరేసి అప్పుడు టైలర్‌కియ్యి, లేకుంటే మొదటి ఉతుకుకే గుంజుకపోయి బొడ్డు కనవడ్తది. ఇంకోటి, ఇక్కత్ అని చెప్పి ప్రింట్ అంటగడ్తరు, బట్ట తిప్పి చూడు. అసలు ఇక్కత్‌ల నూలుకే ముందుగాల కట్లు కట్టి రంగులద్ది తర్వాత నేస్తరు, గందుకే రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది, పువ్వు అంచులు జర చెదిరినట్టు ఉంటయ్. ప్రింట్ అయితే వెనక వెలిసిపోయినట్టుంటది.

సిక్కోలుసీను:
అందరూ చేనేత అంటున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం తిరుగుతా. మా తాతగారు పొందూరు ఖద్దరు తప్ప కట్టేవారు కాదు, ఆ ఊళ్లో దూదిని వాలుగ చేప దవడతో దువ్వి సన్న నూలు తీస్తారు, పంచె పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండదు. సరే వంశం నిలబెడదామని నేనూ ఆ గుడ్డతో లాల్చీ కుట్టించా. అద్దంలో తాతగారి మనవడు కనిపించలేదు, వార్డు మెంబరుగా నిలబడ్డవాడు కనిపించాడు. పైగా గంజి, ఇస్త్రీ, బైక్ ఎక్కి దిగేసరికి నలిగిపోవడం. చివరికి నాకు కుదిరింది బూడిదరంగు టీషర్టు, నల్ల ప్యాంటు, అవే ఆరు జతలు ఉన్నాయి, ఆఫీసులో ఒకడు "రోజూ ఒకటేనా" అన్నాడు, అవునన్నా, మళ్లీ ఎవడూ అడగలేదు. చేనేత మంచిది కాబట్టి వేసుకోవాలి అనుకుంటే అదీ రీల్స్ చూసి కొన్నట్టే కదా.

నీలిచొక్కా:
అక్కా, నువ్వు చెప్పినట్టే బుట్ట బోర్లించా. ముదురు రంగులే ఉన్నాయి అన్నీ, గోధుమరంగు ఒక్కటి లేదు! ఆ నీలం చొక్కా పట్టుకుని చూస్తే డిజైన్ జేబు మీద, కింద కొంచెం తప్ప లేదు, మిగతాదంతా సాదానే, చేతులు మోచేయి పైదాకే. అంటే నాకు ఇక్కత్ కాదు, ఆ ముదురు నీలమూ ఆ పొట్టి చేతులూ నచ్చాయన్నమాట. సీను అన్నా, వార్డు మెంబరుకి పడీ పడీ నవ్వా. లినెన్ చొక్కాలు మా బావకి ఇచ్చేశా, ఆయన మీద బావున్నాయి, అదొక మంట. సాదా నీలం మంగళగిరి రెండున్నర మీటర్లు తెచ్చి బకెట్లో నానబెట్టా, నీళ్లు కొంచెం నీలం అయ్యాయి, పర్లేదా? తమ్మీ, జేబు ఒకటా రెండా?

కత్తెరోళ్లపిలగాడు:
ముదురు రంగు కొద్దిగ దిగుడు మామూలే, ఇంకో రెండుసార్లు ఒక్కదాన్నే ఉతుకు, తెల్ల బనియన్లతోని కలపకు. జేబులంటవా, పెన్ను పెట్టుకుంటవా? లేకుంటే ఒక్కటి చాలు అన్నా.